కాంతి నుంచి కార్డు దాకా: ప్రొఫెషనల్ హెచ్‌డీ వీడియో కెమెరా ఎంపిక, వాడకం

ఒక ప్రయోగశాలలో ఒకే శాస్త్రవేత్తను పక్కపక్కనే పెట్టిన రెండు కెమెరాలతో చిత్రీకరించారనుకుందాం. రెండింటి మీదా ‘ఫుల్ హెచ్‌డీ’ అనే రాసి ఉంది. రెండు ఫైళ్లలోనూ అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లే ఉన్నాయి. అయినా పెద్ద తెర మీద వేసి చూస్తే ఒకదానిలో ముఖం సహజంగా కనిపిస్తుంది. రెండోదానిలో నీడ పడ్డ చోటల్లా రంగు చుక్కలు కదులుతుంటాయి, ట్యూబ్‌లైటు వెలుగు టపటపా కొట్టుకుంటుంది, మాట కన్నా ఫ్యాను హోరే ఎక్కువగా వినిపిస్తుంది. ఈ తేడా పిక్సెళ్ల లెక్కలో లేదు. లెన్సులోకి వచ్చిన కాంతి మెమరీ కార్డు చేరేలోపు ఎన్ని మెట్లు దాటిందో, ఏ మెట్టు దగ్గర ఎంత పోగొట్టుకుందో అక్కడ ఉంది. ఆ మెట్లలో బలహీనమైనది ఏదో, చిత్రం నాణ్యత అక్కడే ఆగిపోతుంది.

విజ్ఞాన విషయాలు చిత్రీకరించేవారికి ఈ సంగతి మరీ ముఖ్యం. పెళ్లి వీడియోలో దండలు మార్చుకోవడం సరిగా రాకపోతే ఇంకోసారి మార్చుకోమని అడగవచ్చు. గ్రహణాన్ని, రాకెట్ ప్రయోగాన్ని, వలస వెళ్లిపోయే పక్షుల గుంపును అలా అడగలేం. పైగా ఒక కళాశాలకో, సైన్స్ మ్యూజియానికో కెమెరా కొనే అవకాశం కొన్నేళ్లకు ఒకసారి వస్తుంది. ఆ డబ్బు తప్పు మెట్టు మీద ఖర్చయితే మళ్లీ చాలాకాలం దాకా దిద్దుకోవడం కుదరదు.

హెచ్‌డీ అంటే ఎంత?

1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి మన దేశంలో రంగుల టెలివిజన్ మొదలైంది. అది పాల్ పద్ధతి. మొత్తం 625 గీతలు, అందులో బొమ్మకు పనికొచ్చేవి 576, సెకనుకు 25 ఫ్రేములు. డిజిటల్‌లోకి మారిస్తే ఒక ఫ్రేముకు 720 × 576, అంటే సుమారు 4 లక్షల 15 వేల పిక్సెళ్లు. హెచ్‌డీకి అంతర్జాతీయ ప్రమాణం 1990లో వచ్చింది. 1920 × 1080 లెక్కన ఒక ఫ్రేములో దాదాపు 20 లక్షల 74 వేల పిక్సెళ్లు, పాత బొమ్మకు ఐదు రెట్లు. దూరదర్శన్ 2010 కామన్వెల్త్ క్రీడలను హెచ్‌డీలో ప్రసారం చేసింది.

సంఖ్య పక్కన ఉండే అక్షరాన్నీ గమనించాలి. 1080పి అంటే ప్రతి ఫ్రేమును ఒక్కసారే పూర్తిగా తీసుకోవడం. 1080ఐ అంటే సరి గీతలను, బేసి గీతలను విడివిడిగా రెండు దఫాల్లో తీసుకోవడం. ఆ రెండు దఫాల నడుమ సెకనులో 50వ వంతు గడుస్తుంది కాబట్టి వేగంగా కదిలే వస్తువు అంచులు కంప్యూటర్ తెర మీద దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. టీవీ చానల్ ప్రత్యేకంగా కోరితే తప్ప ఇప్పుడు 25పి లేదా 50పి ఎంచుకోవడమే మంచిది.

అంగుళం కాని అంగుళం

కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చేది సెన్సర్. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీని రూపొందించారు. అందుకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో వారికి వాటా దక్కింది. చాలాకాలం ప్రొఫెషనల్ వీడియో కెమెరాలన్నీ సీసీడీలతోనే నడిచాయి. ఇప్పుడు వాటి స్థానంలో ఎక్కువగా సీమాస్ సెన్సర్లు ఉన్నాయి.

కెమెరా వివరాల పత్రంలో సెన్సర్ సైజు 1/3 అంగుళం, 1/2 అంగుళం, 2/3 అంగుళం అని రాస్తారు. స్కేలు పెట్టి కొలిస్తే అంత ఉండదు. 2/3 అంగుళం అంటే దాదాపు 17 మిల్లీమీటర్లు కావాలి. కానీ ఆ సెన్సర్ మూల నుంచి మూలకు ఉండేది 11 మిల్లీమీటర్లే. సెన్సర్లు రాకముందు కెమెరాల్లో గాజు గొట్టాలు ఉండేవి. ఆ గొట్టం బయటి వ్యాసాన్ని అంగుళాల్లో చెప్పేవారు. లోపల బొమ్మ పడే చోటు అంతకన్నా చిన్నది. గొట్టాలు పోయాయి, వాటి కొలత మాత్రం పేరులో మిగిలిపోయింది. అందుకే రెండు కెమెరాలను పోల్చేటప్పుడు అంగుళాలను పక్కన పెట్టి, సెన్సర్ పొడవు వెడల్పులను మిల్లీమీటర్లలో చూడాలి. 2/3 అంగుళం సెన్సర్ సుమారు 9.6 × 5.4 మిల్లీమీటర్లు. 1/3 అంగుళం సెన్సర్ సుమారు 5.2 × 2.9. వైశాల్యంలో మొదటిది రెండోదానికి మూడు రెట్లకు పైనే. సినిమా కెమెరాల్లో వాడే సూపర్ 35 రకం సుమారు 24 × 13.5, అంటే 2/3 అంగుళానికి మళ్లీ ఆరు రెట్లు.

వైశాల్యానికి ఇంత ప్రాముఖ్యం ఎందుకు? కాంతి ఫోటాన్ల రూపంలో వస్తుంది. వాన చినుకుల్లాగే అవి కూడా సమానంగా పడవు. ఒక పిక్సెల్‌లో సగటున 100 ఫోటాన్లు పడుతుంటే ఆ సంఖ్య దాని వర్గమూలం మేరకు, అంటే 10 అటూ ఇటూగా మారుతుంటుంది. అది 10 శాతం తేడా, కంటికి తెలిసిపోతుంది. అదే పిక్సెల్‌లో 10,000 ఫోటాన్లు పడితే తేడా 100 మాత్రమే, అంటే 1 శాతం. నీడల్లో కదిలే చుక్కలకు ముఖ్యమైన మూలం ఇదే. కెమెరా మీద ‘గెయిన్’ పెంచితే కాంతి పెరగదు. ఉన్న సంకేతం, దానితోపాటు ఆ తేడా కూడా పెద్దవవుతాయి. 6 డెసిబెళ్ల గెయిన్ అంటే సంకేతాన్ని రెట్టింపు చేయడం. చీకటి గదిలో 18 డెసిబెళ్లు పెంచి బొమ్మ రాబట్టడం కన్నా ఒక మంచి లైటు తెచ్చి పెట్టడం ఎప్పుడూ మేలు.

రంగును పట్టుకోవడంలోనూ రెండు దారులున్నాయి. ఒకటి, పట్టకంతో కాంతిని ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా విడదీసి మూడు సెన్సర్ల మీదికి పంపడం. రెండోది, ఒకే సెన్సర్ మీద పిక్సెల్‌కో రంగు చొప్పున చిన్న వడపోతలు పరచడం. ఈ అమరికకు కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందారు. ఇందులో సగం పిక్సెళ్లు ఆకుపచ్చవి, పావు ఎరుపువి, పావు నీలంవి. ప్రతి పిక్సెల్‌లో లేని రెండు రంగులనూ పక్కవాటిని చూసి లెక్కగట్టాలి. సన్నని గళ్ల చొక్కా, నేత చీర అంచు లాంటివి తీసినప్పుడు ఈ అంచనా తప్పి, అక్కడ లేని రంగు అలలు కనబడటం ఇందువల్లే. ఇంటర్వ్యూ ఇచ్చేవారిని సన్న చారల దుస్తులు వద్దని ముందే చెప్పడం అన్నిటికన్నా చవకైన పరిష్కారం.

చాలా సీమాస్ సెన్సర్లకు ఇంకో లక్షణం ఉంది. బొమ్మను పై గీత నుంచి కింది గీత దాకా వరుసగా చదువుతాయి. పై గీత చదివాక కింది గీత చదివేలోపు కెమెరా పక్కకు తిరిగితే కరెంటు స్తంభాలు వాలిపోయినట్టు వస్తాయి, తిరుగుతున్న ఫ్యాను రెక్కలు వంకర పోతాయి. యంత్రాల కదలికను చూపించాలనుకునే విజ్ఞాన చిత్రాల్లో ఇది కేవలం అందం సమస్య కాదు. చూసేవారికి తప్పుడు సమాచారం వెళుతుంది.

పెద్ద సెన్సర్ ఎప్పుడూ మంచిదేనా?

కాదు. సూళ్లూరుపేట దగ్గరి పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలను తీయడం ఉదాహరణగా చూద్దాం. పక్షి ఎత్తు ఒకటిన్నర మీటర్లు. అది ఫ్రేములో సగం ఎత్తు నిండాలి. అంటే ఫ్రేములో పట్టే నిలువు 3 మీటర్లు. 150 మీటర్ల కన్నా దగ్గరికి వెళితే గుంపు లేచిపోతుందనుకుందాం. సెన్సర్ ఎత్తును దూరంతో గుణించి, ఆ 3 మీటర్లతో భాగిస్తే కావాల్సిన నాభ్యంతరం వస్తుంది. 2/3 అంగుళం కెమెరాకు 5.4 × 150 ÷ 3, అంటే 270 మిల్లీమీటర్లు. సూపర్ 35కు 675. 36 మిల్లీమీటర్ల వెడల్పుండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌కు వెయ్యికి పైనే. 1/3 అంగుళం కెమెరాకు మాత్రం 150 లోపే సరిపోతుంది.

వెయ్యి మిల్లీమీటర్ల లెన్స్ బరువు, ఖరీదు రెండూ మోయలేనివే. అందుకే పక్షుల్ని, జంతువుల్ని, క్రీడల్ని తీసేవారు ఇప్పటికీ చిన్న సెన్సర్, పొడవాటి జూమ్ ఉన్న కెమెరాలను వదులుకోలేదు. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ, మసక వెలుతురున్న గదిలో ఒక మనిషి మాట్లాడటం. అక్కడ పెద్ద సెన్సర్‌దే పైచేయి. ఎక్కువ వెలుతురు పట్టుకుంటుంది, ముఖం స్పష్టంగా ఉండి వెనకనున్న బీరువాలు మసకబారతాయి. కాబట్టి ‘ఏ కెమెరా మంచిది’ అనే ప్రశ్నకు ముందు ‘ఏం తీయబోతున్నారు’ అనేది తేలాలి. ఏడాదిలో తీయబోయే పది అంశాల జాబితా కాగితం మీద రాసుకుంటే సగం ఎంపిక అప్పుడే అయిపోతుంది.

లెన్సు మార్చుకునే వీలున్న స్టిల్ కెమెరాలతో వీడియో తీయడం 2008లో కానన్ 5డి మార్క్ 2 వచ్చాక బాగా ప్రచారం పొందింది. బొమ్మ అందంగా వస్తుంది, సందేహం లేదు. కానీ చాలా స్టిల్ కెమెరా లెన్సుల్లో జూమ్ చేయగానే ఫోకస్ జారిపోతుంది. వీడియో కోసం చేసిన జూమ్ లెన్సులో దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగి ఫోకస్ సరిచేసి వెనక్కి వస్తే, ఆ ఫోకస్ జూమ్ అంతటా నిలుస్తుంది. లెన్సు విడిగా అమర్చే ప్రొఫెషనల్ కెమెరాల్లో ఇలా నిలవాలంటే ‘బ్యాక్ ఫోకస్’ సరిగ్గా ఉండాలి. చిత్రీకరణ మొదలుపెట్టే ముందు నక్షత్రంలాంటి చార్టు పెట్టి ఒకసారి సరిచూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఇంకో సంగతి, అప్పటి స్టిల్ కెమెరాల్లో చాలా వాటికి 29 నిమిషాల 59 సెకన్ల తర్వాత రికార్డింగ్ ఆగిపోయేది. అరగంట దాటి రికార్డు చేసే పరికరాన్ని ఐరోపా కస్టమ్స్ నిబంధనలు వీడియో కెమెరాగా లెక్కగట్టి సుంకం వేసేవి. ఐరోపా సుంకం కోసం పెట్టిన ఆ హద్దు వల్ల ఇక్కడి ఉపన్యాసాల చివరి భాగాలు పోయేవి.

మధ్యాహ్నపు ఎండలో

కాంతి తక్కువైతే సమస్య అని అందరికీ తెలుసు. ఎక్కువైతే కూడా సమస్యే. కదలిక సహజంగా కనిపించాలంటే 25 ఫ్రేముల వీడియోకు షట్టర్ సెకనులో 50వ వంతు దగ్గర ఉండాలి. కెమెరా సున్నితత్వం ఐఎస్ఓ 320 అయితే, నడిమధ్యాహ్నపు ఎండలో ఈ షట్టర్‌తో సరైన వెలుగు రావాలంటే లెన్స్ ద్వారాన్ని ఎఫ్/40 దాకా మూసేయాలి. అంత దాకా మూసుకునే వీడియో లెన్స్ దొరకదు. దొరికినా వాడకూడదు.

ఎందుకంటే సన్నని రంధ్రం గుండా వెళ్లే కాంతి వ్యాపిస్తుంది. దీన్నే వివర్తనం అంటారు. ఒక చుక్క బొమ్మ చుక్కగా పడదు, చిన్న వలయంగా పడుతుంది. ఆ వలయం వ్యాసం సుమారు 2.44 × తరంగదైర్ఘ్యం × ఎఫ్ సంఖ్య. ఆకుపచ్చ కాంతికి తరంగదైర్ఘ్యం 0.55 మైక్రాన్లు అనుకుంటే ఎఫ్/11 దగ్గర ఇది దాదాపు 15 మైక్రాన్లు. 1/3 అంగుళం హెచ్‌డీ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 2.7 మైక్రాన్లే. అంటే ఒక చుక్క ఐదు పిక్సెళ్లకు పైగా పరుచుకుంటుంది. హెచ్‌డీ కెమెరాతో తీసినా బొమ్మ పాత టీవీ బొమ్మలా మెత్తగా వస్తుంది. ఎఫ్/4 దగ్గర అదే వలయం రెండు పిక్సెళ్లే ఆక్రమిస్తుంది.

దీనికి మందు ఎన్‌డీ ఫిల్టర్. రంగు మార్చకుండా కాంతిని మాత్రమే తగ్గించే బూడిద రంగు గాజు అది. ప్రొఫెషనల్ కెమెరాల్లో 1/4, 1/16, 1/64 వంతు చొప్పున తగ్గించేవి లోపలే అమర్చి, బయట ఒక మీట పెడతారు. పై లెక్కలో 1/64 వేస్తే ఎఫ్/40 కాస్తా ఎఫ్/5 అవుతుంది. బొమ్మ పదునుగా ఉంటుంది, షట్టర్ మార్చాల్సిన పని లేదు. ఎండలు దండిగా ఉండే మన దేశంలో లోపల ఎన్‌డీ లేని కెమెరాను ఆరుబయటి పనికి కొనడం ఆలోచించాల్సిన విషయమే. కొంటే, లెన్స్ ముందు బిగించే ఫిల్టర్ల ఖర్చును కూడా అందులో కలుపుకోవాలి.

50 హెర్ట్జ్ దేశంలో 60 హెర్ట్జ్ కెమెరా

విదేశాల నుంచి బంధువులు తెచ్చిన కెమెరాతో ఇక్కడి ట్యూబ్‌లైట్ల కింద తీసిన వీడియోలో వెలుగు కొట్టుకుంటుంటే కెమెరా పాడైందని అనుకునేవారు చాలామంది. అది కెమెరా జబ్బు కాదు, రెండు దేశాల విద్యుత్ లెక్కల తేడా. మన సరఫరా 50 హెర్ట్జ్. ప్రతి ఆవృత్తిలో విద్యుత్తు రెండుసార్లు శిఖరానికి వెళుతుంది కాబట్టి ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు వెలిగి మందగిస్తుంది. కంటికి అది తెలియదు. అమెరికా, జపాన్ టీవీ పద్ధతిలో తయారైన కెమెరా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. 100ను 30తో భాగిస్తే నిశ్శేషంగా పోదు, 10 మిగులుతుంది. ఆ మిగిలినదే సెకనుకు పదిసార్లు కొట్టుకునే వెలుగు.

25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెడితే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు వెలుగు శిఖరాలు పడతాయి. కెమెరాలో 50 హెర్ట్జ్ పద్ధతి లేకపోతే కనీసం షట్టర్‌ను 1/100కు మార్చాలి. అప్పుడు ఫ్రేముకు ఒక శిఖరం సమానంగా వస్తుంది. చవక ఎల్‌ఈడీ దీపాలతో మరో చిక్కుంది. వెలుగు తగ్గించడానికి అవి వేరే వేగంతో ఆరి వెలుగుతాయి. తెర మీద అడ్డ చారలు పాకుతుంటే షట్టర్‌ను కొద్దికొద్దిగా మార్చుకునే సౌకర్యంతో చారలు ఆగే చోటు వెతకాలి. కొనేటప్పుడు ఈ సౌకర్యం ఉందో లేదో చూడటం మరువరాదు.

దీపాల రంగు గురించి ఒక్క మాట. పాతకాలపు ఫిలమెంట్ స్టూడియో దీపం 3200 కెల్విన్, పగటి వెలుతురు సుమారు 5600 కెల్విన్. తెల్ల కాగితం చూపించి వైట్ బ్యాలెన్స్ సరిచేస్తే ఈ తేడా పోతుంది. కానీ ఒక దీపం వర్ణపటంలో ఎరుపే సరిగా లేకపోతే ఏ అమరికా దాన్ని సృష్టించలేదు. నాసిరకం ఎల్‌ఈడీ కింద మనుషుల ముఖాలు రోగిష్టిగా కనిపించేది ఇందుకే. లైటు కొనేటప్పుడు రంగులను ఎంత నమ్మకంగా చూపిస్తుందో తెలిపే సూచిక 90 దాటి ఉందా అని చూడాలి.

కార్డులోకి చేరేది ఎంత?

సెకనుకు 25 ఫ్రేముల హెచ్‌డీని ఏ కుదింపూ లేకుండా సాధారణ 8 బిట్ పద్ధతిలో దాచాలంటే సెకనుకు దాదాపు 830 మెగాబిట్లు కావాలి. కెమెరాలు అంత దాచవు. ప్రసార సంస్థల్లో ఎక్కువగా వాడే ఒక ఫార్మాట్ 50 మెగాబిట్లు రాస్తుంది, అంటే పదహారు పాళ్లలో ఒక పాలు. గృహ వినియోగ ఫార్మాట్లలో అది 24 మెగాబిట్లకు పడిపోతుంది. మిగతాది ఏమైంది? ప్రతి ఫ్రేమును పూర్తిగా రాయకుండా, ముందు ఫ్రేముకూ దీనికీ ఉన్న తేడాను మాత్రమే రాస్తారు. కుర్చీలో కూర్చుని మాట్లాడే మనిషికి ఇది చక్కగా పనిచేస్తుంది. వెనక గోడ మారదు కదా. వేల ఫ్లెమింగోలు ఒక్కసారిగా నీటి మీంచి లేస్తే మాత్రం ఫ్రేములో మారనిదేదీ మిగలదు. ఇచ్చిన బిట్లు చాలక బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. కదులుతున్న నీరు, గాలికి ఊగే ఆకులు, పక్షుల రెక్కలు తీసేవారు ప్రతి ఫ్రేమునూ విడిగా కుదించే పద్ధతినో, కనీసం ఎక్కువ బిట్ల రేటునో ఎంచుకోవాలి.

4:2:2, 4:2:0 అనే అంకెలు రంగుకు సంబంధించినవి. మన కన్ను వెలుగునీడల్లోని సూక్ష్మ వివరాలను బాగా పసిగడుతుంది, రంగులోని వివరాలను అంతగా పట్టించుకోదు. అందువల్ల రంగు సమాచారాన్ని 4:2:2లో సగానికి, 4:2:0లో పావుకు తగ్గిస్తారు. మామూలుగా చూస్తే తెలియదు. ఆకుపచ్చ తెర ముందు నిలబెట్టి, వెనక మరో దృశ్యం అతికించాలంటే మాత్రం జుట్టు అంచుల దగ్గర తేడా బయటపడుతుంది. అలాగే 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు, 10 బిట్‌లో 1024. సాయంకాలపు ఆకాశం మెట్లుమెట్లుగా కనిపించకుండా ఉండాలన్నా, తర్వాత రంగులు దిద్దాలన్నా 10 బిట్ కావాలి.

కార్డుల విషయంలో మెగాబిట్, మెగాబైట్ కలగాపులగం చేసుకుని అనవసరంగా ఖర్చుపెట్టడం మామూలైపోయింది. 50 మెగాబిట్లు అంటే 6.25 మెగాబైట్లే. ‘వి30’ గుర్తున్న కార్డు సెకనుకు కనీసం 30 మెగాబైట్లు ఆగకుండా రాస్తుంది, ఇంకా చాలా మిగులుతుంది. 400 మెగాబిట్ల రేటుతో తీస్తేనే ‘వి60’ అవసరం. ఆదా చేసిన డబ్బుతో రెండో కార్డు కొని, రెండు స్లాట్లున్న కెమెరాలో ఒకేసారి రెండింటి మీదా రికార్డు చేయడం తెలివైన పని. 50 మెగాబిట్ల చొప్పున గంటకు 22.5 గిగాబైట్లు అవుతుంది.

ముక్కాలి, మైకు

అనుబంధ పరికరాల గురించి చివర్లో ఆలోచించడం, అప్పటికి డబ్బు అయిపోవడం మామూలుగా జరిగేదే. అది తలకిందులు క్రమం. పైన చెప్పిన ఫ్లెమింగో దృశ్యంలో ఫ్రేము వెడల్పు మొత్తం రెండు డిగ్రీల కోణం. కెమెరా డిగ్రీలో పదోవంతు కదిలితే బొమ్మ దాదాపు 96 పిక్సెళ్లు పక్కకు జరుగుతుంది. వేలు తగిలినా, గాలి వీచినా అంత కదులుతుంది. తేలికపాటి ఫొటో ట్రైపాడ్ మీద లక్షల ఖరీదు చేసే కెమెరా పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. వీడియో ట్రైపాడ్ తలలో చిక్కని ద్రవం ఉంటుంది. అది కదలికను అడ్డుకుంటూ మెల్లగా, సమంగా తిరగనిస్తుంది. కెమెరా, లెన్స్, బ్యాటరీ, మైకు మొత్తం బరువు తూచి అంతకు తగిన తల ఎంచుకోవాలి. కింద గిన్నెలాంటి అమరిక ఉంటే కాళ్లు సర్దకుండానే మట్టం సరిచేయవచ్చు. నడుమ కొక్కేనికి ఇసుక సంచి వేలాడదీస్తే గాలికి నిలుస్తుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు కెమెరాలోని కుదుపు నివారణను ఆపేయడం మంచిది. లేకపోతే లేని కుదుపును దిద్దబోయి అదే బొమ్మను జరుపుతుంది.

అయితే ట్రైపాడ్ ఎంత గట్టిదైనా, లెన్స్ ఎంత ఖరీదైనదైనా ఎండెక్కాక నీటి మీద వేడిగాలి అలల్ని ఆపలేదు. దూరపు పక్షులు నీళ్లలో కరిగిపోతున్నట్టు వస్తాయి. తెల్లవారుజామునే వెళ్లడం తప్ప దీనికి మరో మార్గం లేదు.

శబ్దం విషయానికొస్తే, చూసేవారు కొంచెం మసక బొమ్మను క్షమిస్తారు, వినపడని మాటను క్షమించరు. మాట్లాడే మనిషికి అర మీటరు దూరంలో ఉన్న మైకును రెండు మీటర్లకు జరిపితే దూరం నాలుగు రెట్లు, మాట తీవ్రత పదహారో వంతు. అంటే 12 డెసిబెళ్ల తగ్గుదల. గదంతా నిండి ఉన్న ఫ్యాను, ఏసీ చప్పుళ్లు మాత్రం దాదాపు అలాగే ఉంటాయి. అందువల్ల కెమెరా మీదున్న ఖరీదైన మైకు కన్నా చొక్కాకు తగిలించిన సాదా మైకు మెరుగ్గా వినిపిస్తుంది. కెమెరాకు ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు ఉండటం అవసరం. ఈ తీగలో ఒకే సంకేతం రెండు దారుల్లో, ఒకటి తిరగేసి వెళుతుంది. దారిలో కరెంటు తీగల నుంచి చేరే గుర్రుమనే చప్పుడు రెండింటిలోనూ ఒకేలా చేరుతుంది కాబట్టి చివర్లో ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే చప్పుడు రద్దవుతుంది, మాట మిగులుతుంది. కండెన్సర్ మైకులకు ఇదే తీగ ద్వారా 48 వోల్టుల విద్యుత్తు కూడా అందుతుంది.

డిజిటల్ రికార్డింగులో సున్నా డెసిబెళ్లు దాటిన శబ్దం విరిగిపోతుంది, తర్వాత దిద్దలేం. మాట శిఖరాలు మైనస్ 12 దగ్గర ఉండేలా సర్దుకుంటే హఠాత్తుగా నవ్వినా, చప్పట్లు కొట్టినా చోటుంటుంది. హెడ్‌ఫోన్ లేకుండా రికార్డు చేయడమంటే కళ్లు మూసుకుని ఫ్రేము పెట్టడమే.

రాకెట్, సూర్యుడు

శ్రీహరికోట రాకెట్‌ను దూరం నుంచి తీసేవారికి రెండు చిక్కులు. మంట ప్రకాశానికి ఆటోమేటిక్ ఐరిస్ ఒక్కసారిగా మూసుకుని చుట్టూ అంతా నల్లబడిపోతుంది. ఐరిస్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడింటినీ ముందే మాన్యువల్‌కు మార్చి, మంట కొంత తెల్లబారినా ఫరవాలేదనుకుని స్థిరపరచాలి. ఎంత తెల్లబారుతోందో చూపే జీబ్రా చారలు ఇక్కడ బాగా పనికొస్తాయి. రెండోది శబ్దం. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. ఐదు కిలోమీటర్ల దూరం నుంచి తీస్తే గర్జన దాదాపు 15 సెకన్లు, అంటే 370 ఫ్రేములు ఆలస్యంగా వస్తుంది. ఎడిటింగులో దాన్ని మంటతో కలిపేయాలని చేతులు ఉవ్విళ్లూరతాయి. విజ్ఞాన చిత్రంలో ఆ పని చేయకపోవడమే మేలు. ఆ నిశ్శబ్దంలోనే ఒక భౌతికశాస్త్ర పాఠం ఉంది.

సూర్యగ్రహణానికి మాత్రం జాగ్రత్త వేరు. కెమెరాలోని 1/64 ఎన్‌డీ ఎండకు సరిపోతుంది, సూర్యుణ్ణి నేరుగా చూడటానికి ఏమాత్రం సరిపోదు. సౌర ఫిల్టర్ కాంతిని లక్షో వంతుకు తగ్గిస్తుంది. దాన్ని లెన్స్ ముందే పెట్టాలి. వెనక పెడితే లెన్స్ కేంద్రీకరించిన వేడికి ఫిల్టరే పగిలిపోవచ్చు, సెన్సర్ కాలిపోవచ్చు. అద్దాల ద్వారా నేరుగా చూసే వ్యూఫైండర్ ఉన్న కెమెరాతో కన్నే పోతుంది. 2019 డిసెంబర్ 26న కేరళ, తమిళనాడుల్లో కనిపించినట్టి వలయ గ్రహణంలో సూర్యుడు పూర్తిగా కప్పబడడు కాబట్టి మొదటి నుంచి చివరి దాకా ఫిల్టర్ తీయకూడదు. దక్షిణ భారతంలో మళ్లీ వలయ గ్రహణం 2031 మే 21న. అప్పటికి తీయబోయేవారు మామూలు రోజుల్లోనే ఫిల్టర్ బిగించి సూర్యుడి మీద ఫోకస్, వెలుగు సాధన చేసుకోవచ్చు.

కొనే రోజు, కొన్న తర్వాత

దుకాణంలో తెర మీద నడిచే ప్రచార వీడియో చూసి నిర్ణయించకూడదు. సొంత కార్డు తీసుకెళ్లి అక్కడికక్కడే కొన్ని పరీక్షలు చేయాలి. లెన్స్ మూత వేసి, గెయిన్ పెంచి కొంతసేపు రికార్డు చేస్తే చుక్కలు, పాడైన పిక్సెళ్లు తెలుస్తాయి. దుకాణంలోని ట్యూబ్‌లైట్ల వైపు, తిరిగే ఫ్యాను వైపు తిప్పితే వెలుగు కొట్టుకోవడం, రెక్కలు వంగడం బయటపడతాయి. ఆ ఫైలును ఇంట్లోని కంప్యూటర్ తెరవగలుగుతుందో లేదో కూడా అప్పుడే తేలుతుంది. అవకాశముంటే గంటసేపు ఆపకుండా నడపాలి. వేడెక్కి ఆగిపోయే కెమెరాల సంగతి అంతకన్నా తక్కువ సమయంలో తెలియదు.

బ్యాటరీ లెక్క సులువు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు. 25 వాట్లు వాడే కెమెరాకు 95 వాట్ అవర్ల బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు మూడున్నర గంటలకు పైగా వస్తుంది. ఈ 95 అనే అంకె యాదృచ్ఛికం కాదు. విమానంలో 100 వాట్ అవర్ల లోపు లిథియం బ్యాటరీలను చేతి సంచిలో తీసుకెళ్లవచ్చు. 100 నుంచి 160 మధ్య ఉంటే విమాన సంస్థ అనుమతి కావాలి. విడి బ్యాటరీలను లగేజీలో వేయకూడదు.

ఇక వాతావరణం. విశాఖపట్నం, చెన్నై లాంటి తీర నగరాల్లో ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బయటికి తెస్తే చల్లని లెన్స్ మీద తేమ పేరుకుంటుంది. మూసిన సంచిలోనే ఉంచి బయటి వేడికి అలవాటు పడనిచ్చాకే తెరవాలి. వానాకాలంలో నెలల తరబడి తోలు సంచిలో ఉండిపోయిన లెన్సులో సాలెగూడులాంటి బూజు పెరుగుతుంది. అది గాజు మీది పూతను తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచే పెట్టె ఉంటే సరి. లేకపోతే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. వాడకపోయినా వారానికి ఒకసారి కెమెరాను బయటికి తీసి కాసేపు నడపడం మంచిది.

రోజు పని ముగిశాక కార్డులోని ఫైళ్లను రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించి, వాటిలోంచి ఒకటి రెండు క్లిప్పులు తెరిచి చూశాకే కార్డును చెరపాలి. చెరపడం కూడా కంప్యూటర్లో కాదు, కెమెరాలోనే.